తడి ఆరేలోగా

అలెగ్జాండ్రియా నుంచి టోబ్రుక్‌కు ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది? 1942 ఎండల్లో, పుత్తూరు పక్కన ఒక పల్లెలో, ఈ సంగతి ఒకే ఒక్క మనిషికి కావలసి వచ్చింది. ఆమె అక్కమ్మ. వేరుశనగ చేలల్లో కూలి. మొగుడు పోయి చాలా కాలమైంది. కొడుకులు ఇద్దరు. పెద్దవాడు వెంకటముని యుద్ధానికి పోయాడు. యుద్ధానికి పోయాడంటే కత్తి దూసి పోయాడనుకునేరు. పూటపూటా కూడు పెడతారంటే పోయాడు. మోత పటాలంలో వేసుకుని, ఓడ ఎక్కించి, ఆఫ్రికా ఎడారిలో పెట్టెలు మోయించారు. ఇది ఎవరి యుద్ధమని వాడు అడగలేదు. అడిగినా చెప్పేవాడు లేడు.

వైశాఖంలో వాడి దగ్గర నుంచి జాబు వచ్చింది. బడిపంతులు చదివి వినిపించాడు. లారీలోంచి పెట్టె జారి కాలు మీద పడింది, మోకాలి కింద ఎముక విరిగింది, ఆస్పత్రిలో పడేశారు, అతుక్కోకపోతే కాలు తీసేస్తామని దొర డాక్టరు అంటున్నాడు, అమ్మా, ఒక్క పుత్తూరు కట్టు పడితే నా కాలు నిలుస్తుంది. అంతే జాబు. ఊరి పేరు రాసిన చోట సర్కారు నల్ల సిరా పూసింది.

పుత్తూరు చుట్టుపక్కల పుట్టినవాడికి, ఎముక విరిగితే కోసేస్తారన్న మాట తలకెక్కదు. ఎద్దు తొక్కినా, తాటిచెట్టు మీంచి పడినా, బండి చక్రం ఎక్కినా పుత్తూరు పోవడమే. ఆకు నూరి పూసి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుడతారు. మనిషి లేచి నడుస్తాడు. అక్కమ్మకు ఇది నమ్మకం కూడా కాదు. పొద్దు పొడవడాన్ని ఎవరైనా నమ్ముతారా? అది పొడుస్తుంది, అంతే.

జాబు సంగతి మునిరామయ్య చెవిన పడింది. మునిరామయ్య మిలిటరీకి మనుషులను తోలిపెట్టే ఏజెంటు. నాలుగెకరాల ఆసామి, ఇస్త్రీ చొక్కా, కిర్రు చెప్పులు. ఆ చెప్పుల చప్పుడు వినిపిస్తే ఆ చుట్టుపక్కల తల్లులు మగపిల్లలను చేలోకి తరిమేవాళ్ళు. ఆయన నేరుగా అక్కమ్మ గుడిసెకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కమ్మా, నీ పెద్దోడు టోబ్రుక్ అనే ఊర్లో ఉండాడు. నేను విచారిచ్చినాను. దానికి దగ్గిర్లోనే అలెగ్జాండ్రియా అని పెద్ద పట్నం. చిన్నబ్బను పటాలంలో చేర్చు. వాణ్ణి ఆ పట్నంలో ఏపిచ్చే పూచీ నాది. అన్న కాలు తమ్ముడు చూసుకుంటాడు."

చిన్నబ్బ ఆమె రెండో కొడుకు. మీసం ఇప్పుడిప్పుడే వస్తోంది. బావి దగ్గర కపిల ఎద్దులను తోలి తోలి చేతులు మాత్రం మోకుల్లా తయారయ్యాయి.

"దగ్గిరంటే ఎంత దగ్గిరన్నా?" అని అడిగింది అక్కమ్మ.

"మన తిరపతికీ చిత్తూరికీ ఎంతో అంత. పొద్దున్నే బస్సెక్కితే మద్దేన్నానికి దిగడమే. దినానికి రెండు బస్సులు."

అక్కమ్మ ఆ మాట పట్టుకుని పుత్తూరు పోయింది. కట్టు కట్టే గోవిందయ్య ముందు కూర్చుని ఏడవలేదు, బతిమాలలేదు, సంగతి చెప్పింది. గోవిందయ్య గడ్డం గీక్కున్నాడు.

"చెయ్యి పెట్టి చూడకుండా నేను ఎవురికీ మందియ్యనమ్మా. నీ కోసరం ఇస్తా ఉండా. ఇది ఎండిన ఆకు పొడి. సముద్రం దాటినా చెడదు. అయితే ఒకసారి గుడ్డుసొనలో నూరినాక అది ఆగదు. తడిగుడ్డలో చుట్టి, తడి ఆరేలోగా ఎముక మింద పడాల. ఆరిపోతే అది మందు కాదు, పేడ. ఇంకో మాట. ఉప్పునీళ్ళు మాత్రం తగలనీకు. తగిలితే ఎముక కుళ్తాది."

ఇక్కడే చిక్కు. టోబ్రుక్‌లో నీళ్ళు ఉప్పు కషాయం. మునిరామయ్యే చెప్పాడు. "ఆడ మంచినీళ్ళు లేవు, కోడిగుడ్లు లేవు, అంతా డబ్బాల కూడే. అలెగ్జాండ్రియా అట్ల కాదు, ఏటి నీళ్ళు, బజారు నిండా గుడ్లు." ఇది నిజమే. ఈ ఒక్క నిజం చుట్టూ ఆయన తన అబద్ధాన్ని అల్లుకున్నాడు. మందు అలెగ్జాండ్రియాలో నూరాలి, టోబ్రుక్‌కు మోసుకుపోవాలి. అంటే వెంకటముని కాలు ఆ రెండూళ్ళ మధ్య దూరం మీద ఆధారపడి ఉంది. దానితోబాటు చిన్నబ్బ బతుకు కూడా.

అక్కమ్మ ఒట్టి మాట పుచ్చుకునే మనిషి కాదు. చేలో కూలికి పోయినా మునుం, అంటే తన వంతు సాళ్ళు, తనే పట్టి చూసి ఒప్పుకునేది. మునిరామయ్య ముఖం మీదే చెప్పింది.

"నేనూ చిత్తూరు దాకా వస్తానన్నా. తిరపతిలో ఒక మోతాదు మందు నూరి, పొట్లం కట్టి, బస్సులో పెట్టుకోని వస్తా. చిత్తూర్లో ఇప్పి చూస్తా. తడి ఉంటే నా బిడ్డను తీసకపో. ఆరిపోతే నా బిడ్డ నాతో ఇంటికొస్తాడు."

మునిరామయ్య తొడ చరుచుకుని నవ్వాడు. "సరే అక్కమ్మా, చూసుకో. ఇంతకన్నా న్యాయం యాడుంటాది?"

పరీక్ష నిజాయితీగానే పెట్టింది. కొలబద్దే దొంగది.

ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు లేదు. అట్లాంటి ఒక పొద్దున పుత్తూరులో రైలెక్కి, రేణిగుంటలో మారి, తిరుపతిలో దిగారు. రేణిగుంట నిండా ఖాకీలు. రైలు పెట్టెల్లోంచి తలలు బయటకు పెట్టి, నీళ్ళ కోసం డబ్బాలు చాపుతున్న కుర్రవాళ్ళు. ఎక్కడికి పోతున్నారో వాళ్ళకే తెలియదు. చిన్నబ్బ వాళ్ళను నోరు తెరిచి చూశాడు. అక్కమ్మ చూడలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని తిరుపతి రైలు వైపు లాక్కుపోయింది.

తిరుపతిలో ఎరిగినవాళ్ళ ఇంట్లో రోలు అడిగి మందు నూరింది. గుడ్డుసొన కలిపి పచ్చటి ముద్ద చేసింది. అరటాకులో పెట్టి, తడిగుడ్డ చుట్టి, నారతో కట్టింది. మిగిలిన పొడి మూట కొంగున ముడివేసుకుంది. గోవిందయ్య కోసి ఇచ్చిన వెదురు దబ్బలు చంకన పెట్టుకుంది. పెద్దవాడి కాలు ఎంత పొడవో తన చేతితో చూపించి కోయించిన దబ్బలు అవి.

ఆమె రోటి దగ్గర ఉండగానే, మునిరామయ్య చిన్నబ్బను పక్కకు పిలిచి వేలిముద్ర వేయించుకున్నాడు. "చిత్తూర్లో జనం జాస్తి, ఈడే అయిపోతే మేలు గదా" అన్నాడు. చిన్నబ్బ బొటనవేలికి అంటిన సిరా తలకు తుడుచుకుని పోగొట్టుకున్నాడు. తల్లికి ఆ మాట చెప్పాలని కూడా తోచలేదు. చదువు చెప్పని దేశంలో వేలిముద్రంటే కుర్రవాడికి ఒక ఆట.

చిత్తూరు బస్సు బొగ్గు బస్సు. పెట్రోలంతా యుద్ధానికి పోయింది కదా, జనానికి బొగ్గు మిగిలింది. బస్సు వెనక ఇనుప పీపా, దాని నిండా బొగ్గులు, కింద నిప్పు. ఆ పొగే ఇంజనుకు మేత. ముందు గుక్కెడు పెట్రోలు మీద ఇంజను రగిలించి, తర్వాత గ్యాసుకు మారుస్తారు. రగిలించేది బస్సు ముక్కులో దూర్చి తిప్పే ఇనుప హ్యాండిలు.

డ్రైవరు సుబ్బన్న చుట్టూ చూసి చిన్నబ్బను పిలిచాడు. "ఒరే అబ్బోడా, కండలుండాయి నీకు. వచ్చి ఒక తిప్పు తిప్పు. నాకు క్లీనరు లేడు."

"ఏమైనాడు మామా?"

"హ్యాండిలు ఎదురు తన్నింది. పుత్తూర్లో కట్టేసుకోని పండుకోనుండాడు. తప్పు వాడిది కొంచెం, నాది కొంచెం. స్టీరింగు కింద ఈ మీట ఉండాదే, ఇది ఎనక్కి లాగి పెట్టాల. ఆ పొద్దు నేను మర్సిపోతిని. వాడు బొటనేలు సుట్టూ ఏసి పట్టుకోని, పైనించి కిందికి తొక్కినాడు. ఫట్‌మని రెండెముకలూ పాయ. నువ్వు అట్ల పట్టుకోవాకు. బొటనేలు మిగతా ఏళ్ళ పక్కనే పెట్టు. కింద నించి పైకి లాగు."

చిన్నబ్బ చెప్పినట్టే లాగాడు. ఇంజను దగ్గి, తుమ్మి, లేచింది. ముందు సీటులోంచి మునిరామయ్య కేకవేశాడు.

"ఏయ్ సుబ్బన్నా! వాడి చేతులు ముట్టుకోవాకు. ఆ చేతులు ఇప్పుడు సర్కారువి."

"సర్కారు చేతులైతే ఈ బస్సు తిప్పాల్సిందే సామీ" అన్నాడు సుబ్బన్న. "నా పెట్రోలు తీసుకున్నది సర్కారే గదా."

బస్సంతా నవ్వింది. మునిరామయ్య నవ్వలేదు. అక్కమ్మ కూడా నవ్వలేదు. ఆ చేతులు సర్కారువి ఎప్పుడయ్యాయి? అడిగేలోగా బస్సు కదిలింది.

ఆడవాళ్ళ సీటు వెనక, పీపా పక్కనే. నిప్పుసెగ వీపుకు తగులుతోంది. మునిరామయ్య తిరిగి చూసి లేచి వచ్చాడు. "అయ్యో అక్కమ్మా, ఈడ కూసుంటే నీ పొట్లం ఆరిపోతాది. ముందుకు రా." తన సీటు ఆమెకిచ్చి, తను పక్క సీటుకు జరిగాడు. చంద్రగిరి దాటాక తన సీసాలో నీళ్ళు తనే పొట్లం మీద చిలకరించాడు. కోతకు తెచ్చిన గొర్రెకు మంచినీళ్ళు పెట్టే కసాయిలాగా, ఎంత జాగ్రత్త! అక్కమ్మ ఆయన వేళ్ళనే చూస్తూ కూర్చుంది. పరీక్ష ఓడితే నష్టపోయేవాడు పరీక్షకు ఇంత సాయం చేస్తున్నాడు. గెలుస్తానని అంత గట్టిగా ఎట్లా తెలుసు ఈయనకు?

పనపాకం దాటి ఎత్తు ఎక్కేచోట బస్సు చచ్చింది. బొగ్గుల్లో మట్టి ఉందని సుబ్బన్న తిట్టుకుంటూ పీపా మూత తీశాడు. బూడిద లాగి, కొత్త బొగ్గు పోసి, నిప్పు రాజేయాలి. జనం దిగారు. గాలి లేదు. కొండల మీద ఎండ తెల్లగా, కదలకుండా నిలబడి ఉంది. ఎక్కడా ఒక పిట్ట కూత కూడా లేదు. మునిరామయ్య సీసా నింపుకోవడానికి దూరంగా కనిపిస్తున్న మోట బావి వైపు పోయాడు. పోతూ పోతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చిన్నబ్బను చూసుకున్నాడు.

బస్సు నీడలో ఒక మనిషి వచ్చి అక్కమ్మ పక్కన చతికిలబడ్డాడు. పాత ఖాకీ చొక్కా, మెడలో దారానికి చిన్న సిలువ. తిరుపతిలోనే ఎక్కాడు, దారంతా కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏంది మే ఆ పొట్లం? కొండ మింద లడ్డా?" ఊరంతా వినేట్టు అడిగాడు. "ఒక తునక పెట్టు. ఏసయ్య ఏమనుకోడులే."

అందరూ తిరిగి చూశారు. అక్కమ్మ సిగ్గుపడింది. "మెల్లగా మాట్లాడప్పా."

"మెల్లగా మాట్లాడేది నాకు రాదక్కా. బాంబుకు చెవులు పోయినాయి. నా గొంతు నాకే ఇనబడదు. చెయ్యెత్తు, తగ్గిస్తా." తన పేరు రాజారత్నం అన్నాడు. పటాలంలో గాయపడినవాళ్ళను డోలీలో మోసేవాడట. చెవులు పోయాక పనికిరాడని పంపేశారు.

"యాడ పని చేసినావప్పా?"

"ఆఫ్రికాలో."

అక్కమ్మ పొట్లం గట్టిగా పట్టుకుంది. పెద్దకొడుకు కాలు, గోవిందయ్య మందు, ఈ పరీక్ష, అన్నీ చెప్పింది. ఆమె పెదాలనే చూస్తూ విన్నాడు. ఊరి పేర్లు చెప్పగానే అతని ముఖంలో ఆటంతా పోయింది. బావి వైపు చూశాడు.

"తిరపతికీ చిత్తూరికీ ఎంతో అంతనా? ఆయప్ప చెప్పినాడా?"

"ఆయప్పే."

"యుద్ధానికి పోవద్దని ఎవురన్నా నోరు తెరిస్తే లోపలేస్తారు, తెలుసునా? నాకు బిడ్డలుండారు." అని లేవబోయాడు. లేచి నిలబడి, తర్వాత పీపా దగ్గర సుబ్బన్నకు బొగ్గులందిస్తున్న చిన్నబ్బను చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. "చెయ్యెత్తి పెట్టుకో అక్కా, దించద్దు."

ఆమె చెయ్యెత్తి పట్టుకుంది. అతను గొంతు అణచుకుని చెప్పాడు.

"అలెగ్జాండ్రియా నించి రైలుండాది. పట్టాలు అయిపొయ్యేదాకా పోతాది. అవతల లారీ. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసక. పైన ఏరోప్లేను గుర్రుమంటే దిగి ఇసకలో మొగం దూర్చుకోవాల. లారీలోనే పొద్దు పొడస్తాది, లారీలోనే గూకతాది, మళ్ళా లారీలోనే పొడస్తాది. ఇట్లాంటి తిరపతి చిత్తూర్లు ఎనిమిదో తొమ్మిదో కొసకు కొస ముడెయ్యి. మధ్యలో ఒక బాయి గానీ చెట్టు గానీ లేకుండా ముడెయ్యి. అదీ దూరం."

"మరి ఈ ముద్ద?"

"ఇదా? పట్టాలు అయిపోకముందే ఇటుకరాయి అయిపోతాది."

అక్కమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు. ఇంకో చేత్తో పొట్లాన్ని ఒడిలోకి లాక్కుంది.

"ఇంకా ఉండాదక్కా. టోబ్రుక్ ఇప్పుడు మనోళ్ళ చేతిలో లేదు. జర్మనీవాడు పట్టుకున్నాడు. మొన్న రేణిగుంటలో సోల్జర్లు చెప్పుకుంటా ఉంటే పెదాలు చూసి తెలుసుకున్నా. ఆడుండే మనోళ్ళు వేలకు వేలు దొరికిపొయినారంట. నీ పెద్దోడు ఏమైనాడో నేను చెప్పలేను. ఇప్పుడు ఆ రెండూర్ల మధ్యలో దోవే లేదు. దోవ మింద యుద్ధం పండుకోనుండాది. ఇట్లాంటప్పుడు నీ చిన్నోణ్ణి ఏంటికి తీసకపోతా ఉండారో తెలుసునా? ఆడ దొరికిపొయినోళ్ళ బదులు."

బావి దగ్గర నుంచి కిర్రు చెప్పులు వినిపించాయి. అక్కమ్మ అటు తిరగడం చూసి రాజారత్నం లేచి బస్సు అవతలి పక్కకు పోయాడు.

ముక్కూ మొహమూ తెలియని మనిషి మాట మీద పెద్దకొడుకు కాలును వదులుకోవడం ఎట్లా? అక్కమ్మ ఇంకొక పరీక్ష పెట్టింది. దారంటే ఆమెకు మైళ్ళు కాదు. దారంటే ఊళ్ళ వరస. ఒక దారిన నడిచినవాడు ఆ వరస చెప్పి తీరాలి.

"మునిరామయ్యన్నా, మనకు చంద్రగిరి, పనపాకం, పాకాల, పూతలపట్టు, చిత్తూరు. ఆ రెండూర్ల మధ్యలో ఏమేం ఊర్లుండాయి? పిల్లోడు యాడన్నా దిగి పొట్లం మింద మంచినీళ్ళు పోసుకోవల్ల గదా."

మునిరామయ్య సీసా మూత బిగిస్తూ నవ్వాడు. "దిగే పనే లేదు. మధ్యలో ఒక్క ఊరు గూడా లేదు. సీదా రోడ్డు. ఎక్కితే దిగడమే."

"దినానికి రెండు బస్సులంటివి."

"రెండు. జనం జాస్తయితే మూడు."

"ఊర్లే లేని దోవలో జనం యాడ నించి వస్తారన్నా? బస్సు ఎవురి కోసరం తిరగతాది?"

ఆయన నవ్వు పెదాల మీదే ఉండిపోయింది. కళ్ళు మాత్రం బస్సు అవతల నిలబడిన ఖాకీ చొక్కాను వెతికి పట్టుకున్నాయి.

"ఆ ఖాకీ చొక్కావోడు ఏమన్నా కూసినాడా?"

"నాకు బుద్ధి లేదా అన్నా, ఎవురో కూసేదానికి?"

మునిరామయ్య ఆమె దగ్గరగా వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఇప్పుడు ఆ గొంతులో అన్న లేడు, చెల్లెలు లేదు.

"ఇను. పొద్దున్నే నీ కొడుకు వేలిముద్ర ఏసినాడు. వేలిముద్ర ఏసినాక ఎనక్కి పోతే పోలీసులు పల్లెకొస్తారు, గుడిసె పీకుతారు, వాణ్ణి సంకెళ్ళతో తీసకపోతారు. అప్పుడు యుద్ధం కాదు, జైలు. నీ పొట్లం తడిగా ఉంటే ఏంది, ఆరితే ఏంది? చిత్తూర్లో డాక్టరు పనికిరాడని రాస్తే తప్ప వాడు ఇంటికి రాడు. డాక్టరు చూసేది ఏముండాది? పండ్లు, ఎద, కాళ్ళు, చేతులు. నీ వాడికేం తక్కువ? కోడెదూడ. సాయంత్రానికి కాట్పాడిలో రైలు."

ఆయన పోయి బస్సెక్కి కూర్చున్నాడు. జేబులోంచి రుమాలు తీసి చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు.

అక్కమ్మ అక్కడే నిలబడింది. కిందికి చూసింది, పొట్లం. తడిగానే ఉంది. చిత్తూరు దాకా తడిగానే ఉంటుంది. మునిరామయ్యకు అది ముందే తెలుసు. ఆమె పెట్టిన పరీక్షలోనే ఆమె బిడ్డను గెలుచుకోవాలని చూశాడు. పెద్దవాడి కోసం పొడి ఉంది, దబ్బలున్నాయి, దారి లేదు. చిన్నవాడికి కాట్పాడి దాకా దారి నున్నగా ఉంది.

పండ్లు, ఎద, కాళ్ళు, చేతులు.

"నిప్పు అందుకొనింది. ఎక్కండప్పా ఎక్కండి" అని సుబ్బన్న అరిచాడు. స్టీరింగు ముందు కూర్చుని తల బయట పెట్టాడు. "ఎవురన్నా మంచిమనిషి హ్యాండిలు తిప్పండి."

చిన్నబ్బ పీపా దగ్గర చేతులు దులుపుకుంటున్నాడు. అక్కమ్మ వెళ్ళి వాడి ముందు నిలబడింది.

"అన్న ఊరికి దోవ లేదురా. జర్మనీవాళ్ళు మూసేసినారంట."

"మరి నేను?"

"నువ్వు పోతే నీకూ ఎనక్కి దోవ లేదు." చేతిలోని పొట్లం వాడికి కనిపించేట్టు ఎత్తి పట్టుకుంది. "పొయ్యి ఆ హ్యాండిలు తిప్పు."

"ఆయప్ప ముట్టుకోవద్దన్నాడు గదమ్మా."

"బొటనేలు సుట్టూ ఏసి పట్టుకో. పైనించి కిందికి తొక్కు."

చిన్నబ్బ తల్లి ముఖంలోకి చూశాడు, పొట్లం వైపు చూశాడు. వాడు మొద్దు కాదు.

"ఏ చెయ్యిమా?" అన్నాడు.

"కుడిదే. ఎడం చేత్తో ఎవురు తిప్పుతారు? అనుమానిస్తాడు."

వాడు బస్సు ముందుకు నడిచాడు. హ్యాండిలు దూర్చి, బొటనవేలు చుట్టూ వేసి పట్టుకున్నాడు. అద్దంలోంచి సుబ్బన్న ఆ వేలు చూశాడు. "ఒరే, ఒరే, చెప్పినా గదరా, వేలు..." అంటూ ఆగిపోయాడు. కుర్రవాడి వెనక అక్కమ్మ నిలబడి ఉంది. ఆమె సుబ్బన్న కళ్ళలోకి చూసింది. సుబ్బన్నకు కూడా పల్లె ఉంది. ఆ పల్లెలో కూడా కిర్రు చెప్పులు తిరిగాయి.

చిన్నబ్బ తొక్కాడు. ఇంజను దగ్గింది. తన్నలేదు.

రెండోసారి తొక్కాడు. ఏమీ కాలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది.

"సుబ్బన్నా! ఎవుర్రా హ్యాండిలు దగ్గిర?" మునిరామయ్య లేచి నిలబడ్డాడు. "ఏయ్, వాడా! వదలమను! వదలమను వాణ్ణి!"

సుబ్బన్న స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చి, వెనక్కి లాగి ఉన్న మీటను మెల్లగా ముందుకు తోశాడు.

మూడోసారి చిన్నబ్బ కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా బరువేసి తొక్కాడు. ఇంజను ఒక్కసారి గర్జించి వెనక్కి తిరిగింది. ఎండిన కంప విరిచినట్టు చప్పుడైంది. బస్సులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. చిన్నబ్బ అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, వేలాడుతున్న చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, మట్టిలో నుదురు ఆనించాడు. అప్పుడు వచ్చింది అరుపు. అది కొండకు తగిలి తిరిగి వచ్చింది.

మునిరామయ్య దూకి వచ్చాడు. చెయ్యి చూశాడు. మణికట్టు పైన చెయ్యి ఉండకూడని వైపు వంగి ఉంది.

"కావాలని చేసినారు! తల్లీ కొడుకూ ఇద్దర్నీ లోపలేయిస్తా! సర్కారు సొత్తు ఇది!"

సుబ్బన్న నిదానంగా దిగాడు. "తప్పు నాది సామీ. మీట ఎనక్కి లాగడం మళ్ళా మర్సిపోతిని. నా క్లీనర్ని తన్నినప్పుడు నువ్వూ ఈ బస్సులోనే ఉంటివి గదా? దీని బుద్దే అంత."

"నువ్వు మర్సిపోయినావా?"

"మర్సిపోయినాను." ఆయన ముఖం మీదే అన్నాడు. చుట్టూ జనం నిలబడ్డారు. మునిరామయ్య ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయాడు. సాక్ష్యం చెప్పే ముఖం ఒక్కటీ దొరకలేదు.

రాజారత్నం అప్పటికే కుర్రవాడి పక్కన కూర్చుని ఎముకలు తడుముతున్నాడు. "రెండూ పోయినాయి. తోలు చినగలేదు. పట్టుకో అక్కా, నేను లాగతా." ఇద్దరూ కలిసి చెయ్యి సరిచేశారు. చిన్నబ్బ పైగుడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాడు. అక్కమ్మ నార తెంచి పొట్లం విప్పింది. ముద్ద పచ్చగా, చల్లగా, తడిగా ఉంది. మోచేతి దాకా మందంగా పూసింది.

దబ్బలు తీస్తే పొడవైనాయి. పెద్దవాడి కాలికని కోయించినవి, చిన్నవాడి చేతికి ఎట్లా సరిపోతాయి? రాజారత్నం వాటిని మోకాలికి ఆనించి విరిచాడు. ఒక్కొక్క దబ్బ విరిగినప్పుడల్లా అక్కమ్మ భుజాలు అదిరాయి. అంతవరకూ ఆమె ఏడవలేదు. అప్పుడు కూడా చప్పుడు చేయలేదు.

కట్టు పూర్తయ్యేదాకా మునిరామయ్య చెట్టులాగా నిలబడి చూశాడు. తర్వాత వంగి, కట్టు మీద ఒక వేలుతో మెల్లగా తట్టాడు.

"మంచి కట్టు. ఇప్పుడు డాక్టరు ముందర నిలబెడితే పనికిరాడని రాసేస్తాడు, అందుకే తీసకపోను. పుత్తూరు కట్టు విరిగినదాన్ని ముందరికన్నా గట్టిగా అతికిస్తాదంట గదా? ఎప్పుడు ఇప్పుతారో గోవిందయ్యను అడిగి తెలుసుకుంటాలే. యుద్ధం యాడికీ పోదు. వేలిముద్ర నా దగ్గిరే ఉండాది."

బస్సు కదిలింది. ఈసారి హ్యాండిలు సుబ్బన్నే తిప్పుకున్నాడు. రాజారత్నం కిటికీలోంచి ఏదో గట్టిగా అరిచాడు, పొగలో వినపడలేదు. పూతలపట్టు వైపు మలుపు తిరిగేదాకా వెనక పీపా ఎర్రగా కనిపిస్తూనే ఉంది.

తల్లీ కొడుకులు చంద్రగిరి వైపు నడిచారు. ఎండ ఏటవాలుగా పడుతోంది. అక్కమ్మ కొంగు ముడిలో పొడి మూట ఆమె మోకాలికి తగులుతూ ఊగుతోంది. చిన్నబ్బ దాన్ని చూశాడు, అన్న గురించి అడగబోయాడు, అడగలేదు. చాలా దూరం పోయాక కట్టు తడిమి చూసుకున్నాడు.

"అమ్మా, ఆరతా ఉండాది. బిగస్తా ఉండాది."

"బిగిస్తేనే అతుక్కునేది."

"అతుక్కుంటే ఆయప్ప వస్తాడు గదమ్మా?"

అక్కమ్మ నడక ఆపలేదు. వాడి ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు దగ్గర బొటనవేలితో ఒకసారి నొక్కి చూసింది.

"ఇంకో చెయ్యి ఉండాది గదా నాయనా" అంది.